‘పడుడు’, ‘కొట్టుడు’: నల్లగొండ, పాలమూరు డిగ్రీ విద్యార్థుల మాటల్లో విద్యాజీవితం

వ్యాససంగ్రహం:
నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలో బి.ఎ. చదివే విద్యార్థులు తమ చదువును గురించి మాట్లాడుకొనేటప్పుడు వాడే పదాలను, ప్రత్యేకించి క్రియాపదాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కళాశాల చదువుకు ‘పడు’ అనే క్రియ, ఉద్యోగ పరీక్షకు ‘కొట్టు’ అనే క్రియ స్థిరపడిన తీరును, బోధనామాధ్యమపు మార్పులు ఈ ప్రాంత విద్యార్థి భాషను ప్రభావితం చేసిన విధానాన్ని, విద్యార్థి అధ్యయన ప్రాజెక్టులలో కనిపించే మరొక క్రియాసముదాయాన్ని చర్చిస్తుంది. విద్యార్థి దృక్పథాన్ని అభిప్రాయ పత్రాలకంటే అతని నిత్యవ్యవహారమే స్పష్టంగా చెప్తుందన్నది ఈ వ్యాసప్రతిపాదన.

కీలకపదాలు: విద్యార్థి భాష, తెలంగాణ వ్యవహారం, బి.ఎ. విద్య, బోధనామాధ్యమం, పాలమూరు, నల్లగొండ, అధ్యయన ప్రాజెక్టు.

ఉపోద్ఘాతం:
నల్లగొండ జిల్లాకు 2007లో, మహబూబ్‌నగర్ జిల్లాకు 2008లో విశ్వవిద్యాలయాలు వచ్చాయి. అంతకు ముందు ఈ రెండు జిల్లాల కళాశాలలు ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలో ఉండేవి. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, ఆపైన 2019లో నారాయణపేట వేరు జిల్లాలైనా, విశ్వవిద్యాలయాల దృష్టిలో పాత ఉమ్మడి జిల్లాల హద్దులే కొనసాగుతున్నాయి. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో పాలమూరు విశ్వవిద్యాలయపు పీజీ కేంద్రాలున్నాయి. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం అన్నెపర్తి వద్ద ప్రధాన ప్రాంగణంతోను, కాకతీయుల నాటి ఆలయాలకు ప్రసిద్ధమైన పానగల్లులోని ప్రాంగణంతోను నడుస్తున్నది. పెద్ద విశ్వవిద్యాలయాలతో పోలిస్తే ఇవి చిన్నవి, వయసులోను చిన్నవే.

ఇలాంటి చోట చదివే విద్యార్థి తన విద్యాజీవితాన్ని గురించి ఏమనుకుంటున్నాడు? దీనిని తెలుసుకోవడానికి అధికారికంగా ఒక మార్గం ఉంది. నాక్ 2017లో సవరించిన మూల్యాంకన పద్ధతిలో విద్యార్థి సంతృప్తి సర్వే ఒక భాగం. తరగతిలో సిలబస్ ఎంత శాతం పూర్తయింది, అధ్యాపకులు ఎంత సన్నద్ధతతో వస్తున్నారు వంటి ప్రశ్నలకు విద్యార్థి అంకెలతో కూడిన సమాధానాలలో ఒకదానిని ఎంచుకోవాలి. ఆ ఫలితాలకు పరిపాలనాపరమైన ప్రయోజనం ఉంది, కాదనలేం. అయితే ప్రశ్న ఎవరిదో భాష కూడా వారిదే. విద్యార్థి సొంత మాటకు అక్కడ మిగిలేది చివరనున్న ఒక్క గడి.

కాబట్టి ఈ వ్యాసం మరొక ఆధారాన్ని తీసుకుంటుంది. తరగతి ముందు వరండాలో, బస్టాండులో, హాస్టలు భోజనాల వరుసలో వినిపించే వాడుక మాటలే ఆ ఆధారం. ఇవి ఈ రెండు జిల్లాలలో పాఠం చెప్పే ఏ అధ్యాపకునికైనా సుపరిచితాలు. సుపరిచితాలు కావడంవల్లనే పరిశీలనకు అందకుండా పోయాయి. ఇందులో లెక్కింపు లేదు. అర్థవిచారమే ప్రధానం.

మూడక్షరాల చదువు:
‘నువ్వేం చదువుతున్నవ్?’ అన్న ప్రశ్నకు ఇక్కడి బి.ఎ. విద్యార్థి చెప్పే సమాధానం సాధారణంగా మూడక్షరాలు. హెచ్ఈపీ అంటే చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం. హెచ్‌పీపీ అంటే చరిత్ర, రాజనీతిశాస్త్రం, ప్రభుత్వ పాలనాశాస్త్రం. హెచ్‌పీటీ అయితే చివర తెలుగు. ఇంటర్మీడియట్ నాటి సీఈసీ, హెచ్ఈసీల కొనసాగింపుగా దీనిని విద్యార్థి ‘గ్రూపు’ అంటాడు. ‘మా గ్రూపోల్లు’ అన్న మాటలో చదువు, స్నేహం రెండూ ఉన్నాయి.

ఈ మూడక్షరాల చదువు నిజానికి ఒక చిన్నపాటి లిబరల్ ఆర్ట్స్ విద్య. పాశ్చాత్య మధ్యయుగ విద్యలో వ్యాకరణం, తర్కం, అలంకారశాస్త్రం ఒక త్రయంగా, గణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం ఒక చతుష్టయంగా ఉండేవి. స్వతంత్రుడైన పౌరునికి అవసరమైన విద్యలన్నది ఆ పేరులోని అర్థం. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఇదే భావాన్ని బాణుని కాదంబరిలోని చతుష్షష్టి కళల ప్రస్తావనతో ముడిపెట్టింది. తెలుగు నేలపైనే శ్రీసిటీలో 2018లో ఏర్పడిన క్రియా విశ్వవిద్యాలయం వంటి ప్రైవేటు సంస్థలు లిబరల్ ఆర్ట్స్ పేరుతో ఎక్కువ ఫీజుకు అందించే బహుశాస్త్ర విద్యకు, దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో వచ్చిన విద్యార్థి హెచ్ఈపీ పేరుతో చదివే చదువుకు సిద్ధాంతరీత్యా దగ్గరి చుట్టరికముంది. ఆచరణలో ఉన్న దూరాన్ని ఎవరూ కొలిచి చెప్పనవసరం లేదు.

2016లో డిగ్రీ ప్రవేశాలకు ‘దోస్త్’ ఆన్‌లైన్ విధానం వచ్చింది. దాదాపు అదే సమయంలో ఎంపికాధారిత క్రెడిట్ పద్ధతి, సెమిస్టర్లు వచ్చాయి. తరువాత విద్యార్థి కోరిన శాస్త్రాలను కలుపుకొనే వీలు కల్పిస్తూ ‘బకెట్’ అన్న మాట చేరింది. ఎంపిక పెరిగిందన్నది కాగితం మీద నిజం. కానీ ఉన్న అధ్యాపకులను బట్టి, కనీస విద్యార్థుల సంఖ్యను బట్టి కళాశాల ఏయే కలయికలను ఇవ్వగలదో అవే బకెట్లో ఉంటాయి. అందుకే విద్యార్థి ‘నేను ఈ గ్రూపు తీసుకున్న’ అనడం కంటె ‘నాకు ఈ గ్రూపు వచ్చింది’ అనడమే ఎక్కువ. ‘దోస్త్’లో ‘సీటు ఏ కాలేజీల పడ్డది?’ అని అడుగుతారు. ఈ ‘పడు’ వద్ద కొంతసేపు ఆగవలసి ఉంది.

‘పడు’:
కళాశాల జీవితాన్ని గురించిన వాక్యాలలో ఈ క్రియ ఎన్ని చోట్ల వస్తుందో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సీటు పడ్డది. స్కాలర్‌షిప్ పడ్డది. అటెండెన్స్ తక్కువ పడ్డది. బ్యాక్‌లాగ్ పడ్డది. ఇంటర్నల్స్‌ల మార్కులు మంచిగ పడ్డయి. ఎగ్జామ్ సెంటర్ దూరం పడ్డది. నోటిఫికేషన్ పడ్డది. వీటిలో ఏ ఒక్కదానిలోను విద్యార్థి కర్త కాడు. సీటు, మార్కు, డబ్బు, హాజరు ఇవే వ్యాకరణరీత్యా కర్తలు. అవి పైనుంచి పడతాయి. విద్యార్థి ‘నాకు’ అన్న రూపంలో నిలబడి ఉంటాడు.

సంప్రదాయ వ్యాకరణంలో కర్మణి ప్రయోగానికి ‘పడు’ ధాతువే అనుప్రయుక్తమవుతుంది. నిత్యవ్యవహారంలో తెలుగువారు కర్మణి వాక్యాన్ని అరుదుగా వాడతారన్నది భాషాశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. చేసినవాడిని చెప్పకుండా వదలవలసినప్పుడు తెలుగు కర్తను లోపింపజేస్తుంది, లేదా అకర్మక క్రియను ఆశ్రయిస్తుంది. విద్యార్థి చేస్తున్నది ఈ రెండవ పని. మార్కు ఎవరు వేశారు, హాజరు ఎవరు లెక్కించారు, డబ్బు ఎవరు విడుదల చేయలేదు అన్నవి అతని అనుభవంలో కనిపించని కర్తలు. ‘ఎవరు ఆపారు?’ అని అడిగితే జవాబు రాదు. ‘ఆగినయి’ అంటాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ‘పడు’ ఉన్న ప్రతిచోటా నిస్సహాయత ఉందనుకోవడం పొరపాటు. ఇష్టపడు, కష్టపడు, త్వరపడు వంటి సమాసక్రియలలో మనిషే కర్త. ‘కష్టపడ్డ’ అన్న మాటను విద్యార్థి గర్వంగానే చెప్పుకుంటాడు. కనుక భేదం క్రియలో కాక, దానికి కర్తగా ఎవరిని నిలుపుతున్నారన్న దానిలో ఉంది. చదువు శ్రమ తనది, ఫలితం తనకు ‘పడేది’. వాన విషయంలోనూ ఈ మెట్టప్రాంతపు రైతు ఇలాగే మాట్లాడతాడు: దున్నుతాడు, విత్తుతాడు, వాన మాత్రం ‘పడాలె’.

ఈ పోలిక ఊరికే చేసింది కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ విషయం చూస్తే ఇది అర్థమవుతుంది. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తృతమైన ఈ పథకం లేకుంటే ఈ రెండు జిల్లాలలో మొదటితరం డిగ్రీ విద్యార్థులలో చాలామంది కళాశాల గడప తొక్కేవారు కారు. ఈపాస్ వెబ్‌సైటులో దరఖాస్తు, ఆదాయ, కుల ధ్రువపత్రాలు, మీసేవలో వేలిముద్ర, హాజరు శాతం ఇవన్నీ విద్యార్థి చేసే పనులు. తరువాతిదంతా ఎదురుచూపు. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని 2024 అక్టోబరులో రాష్ట్రవ్యాప్తంగా ప్రైవేటు డిగ్రీ, పీజీ కళాశాలలు బంద్ ప్రకటించాయి. కళాశాలకు రావలసినది రాకపోతే సర్టిఫికెట్లు ఆగుతాయి. సర్టిఫికెట్లు ఆగితే పీజీ సీటు పోతుంది. ఈ గొలుసులో ప్రతి లింకుకూ ఒక కారణముంది, ప్రతి సంస్థకూ ఒక సమర్థన ఉంది. చివర నిలబడిన విద్యార్థికి మాత్రం ఒక్క మాట మిగిలింది: ‘ఇంకా పడలే.’

హాజరుది వేరే కథ. డెబ్బై అయిదు శాతం నిబంధన విశ్వవిద్యాలయానికి విద్యాప్రమాణం. విద్యార్థికి అది ‘అటెండెన్స్’ అనే వస్తువు. తక్కువ పడితే ‘కండోనేషన్ కట్టాలె’. ఫీజు కట్టినట్టే గైర్హాజరునూ కట్టవచ్చు! పత్తి ఏరే రోజుల్లో, వరికోతల్లో తరగతి గది సగం ఖాళీ అయ్యే కళాశాలల్లో ఈ నిబంధనకు అర్థమేమిటన్నది పాఠ్యప్రణాళికా సంఘాలు చర్చించదగిన విషయం. ఆడపిల్లల విషయంలో మరొక క్రియ వస్తుంది. ‘ఇంట్ల పంపుతలేరు’ అంటారు. ఇక్కడ కర్త స్పష్టం. పెండ్లి నిశ్చయమైతే అయిదో సెమిస్టరు ఆగుతుంది. 2016లో సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలు నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట వంటి చోట్ల మొదలైనప్పుడు వాటి ప్రాధాన్యం వసతికి మాత్రమే సంబంధించినది కాదు. రోజూ ‘పంపవలసిన’ అవసరాన్ని అవి మూడేళ్ళపాటు తీసివేశాయి.

బస్సు ప్రస్తావన లేకుండా ఈ ప్రాంత విద్యాజీవితం పూర్తికాదు. చివరి పీరియడ్ ఎప్పుడు ముగియాలో టైంటేబుల్‌కంటే పల్లెవెలుగు బస్సే నిర్ణయిస్తుంది. విద్యార్థి భాషలో ‘పాస్’ మూడు విధాలు: పరీక్ష పాస్, బస్సు పాస్, ఈపాస్. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం అమలులోకి రావడంతో అమ్మాయిలకు ఈ మూడింటిలో ఒకటి తగ్గింది, దాని స్థానంలో ఆధార్ కార్డు వచ్చింది.

మారుతూ వచ్చిన మాధ్యమం:
ఈ ప్రాంత విద్యార్థికి ఉన్నత విద్య గడప మీద భాష మారడం ఇప్పటి సంగతి కాదు. 1896లో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డి పై చదువులకు కర్నూలు, హైదరాబాదు, మద్రాసు వెళ్ళవలసి వచ్చింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. దానికి పాఠ్యగ్రంథాలు సమకూర్చడానికి ముందుగానే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం పనిచేయనారంభించింది. ఒక భారతీయ భాషలో ఆధునిక శాస్త్రాలను విశ్వవిద్యాలయ స్థాయిలో బోధించిన గొప్ప ప్రయత్నం అది. అయితే తెలుగు ఇంటి నుంచి వచ్చిన పాలమూరు బాలునికి అది మాతృభాషా విద్య కాదు. 1948 తరువాత ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. 1968లో పి.వి.నరసింహారావు అధ్యక్షుడుగా తెలుగు అకాడమీ ఏర్పడి, ఆ తరువాతి సంవత్సరాలలో ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిలలో తెలుగులో పాఠ్యగ్రంథాలు వచ్చాయి. ఇప్పుడు ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం దశలవారీగా ప్రవేశించింది. బి.ఎ.లో తెలుగు మాధ్యమం ఉన్నా అది తెలుగులో రాసే ఆఖరి తరాలదేమోనన్న భావన తరగతి గదుల్లో వ్యాపించి ఉంది.

తెలుగు అకాడమీ పుస్తకాలు ఈ రెండు జిల్లాలకు చేసిన మేలు చాలా పెద్దది. వాటి పరిభాషను మాత్రం విద్యార్థి దృష్టితో చూడవలసి ఉంది. అర్థశాస్త్రంలో ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రం’ ఒక ఉదాహరణ. ఒకే వస్తువును వరుసగా వినియోగిస్తూ పోతే అదనంగా తీసుకొనే ఒక్కొక్క యూనిటు నుంచి లభించే తృప్తి తగ్గుతూ వస్తుందన్నది సూత్రం. ఆకలితో ఇంటికి వచ్చినవాడికి మొదటి జొన్నరొట్టె ఇచ్చిన తృప్తి నాలుగోది ఇవ్వదు. ‘తినుకుంట పోతే తగ్గుకుంట వస్తది’ అంటే పాలమూరులో అర్థంకానివారు ఉండరు. పరీక్షలో రాయవలసింది మాత్రం క్షీణ, ఉపాంత, ప్రయోజన అనే మూడు సంస్కృత పదాల సమాసం. ఉపాంతమంటే అంచుకు దగ్గరిది, చివర చేరినది అని విడమరచి చెప్తే ఆ సమాసం ఎంతో చక్కనిది. విడమరచే తీరిక లేనప్పుడు అది బట్టీ పట్టవలసిన ఒక ధ్వని. దోషం పదంలో లేదు. పదానికీ రొట్టెకూ మధ్య నడవవలసిన పాఠంలో ఉంది.

ఫలితంగా విద్యార్థి మూడు భాషలలో బతుకుతాడు. మాట్లాడేటప్పుడు ‘పొలిటీ, ఎకానమీ, పబ్లిక్’ అంటాడు. రాసేటప్పుడు ‘రాజనీతి, అర్థశాస్త్రం, ప్రభుత్వ పాలన’ అంటాడు. ఇంట్లో ఈ రెండూ చెల్లవు. అక్కడ ‘డిగ్రీ చేస్తున్నడు’ అన్న ఒక్క మాట చాలు. ‘డిగ్రీ చదువు’ అనక ‘డిగ్రీ చేయు’ అనడం కూడా గమనార్హం. పత్తి చేసినట్టు, వరి చేసినట్టు డిగ్రీ చేస్తారు. సీజన్ కడదాకా ఉండాలి, మధ్యలో వదిలితే పెట్టుబడి పోతుంది.

పాఠానికి, పరీక్షకు మధ్య ‘మెటీరియల్’ వచ్చింది, దానికంటె ముందే ‘గైడు’ ఉంది. ‘సార్, ఇంపార్టెంట్లు చెప్పుండ్రి’ అన్న అభ్యర్థనను అధ్యాపకులు తరచు విద్యార్థి అలసత్వంగా తీసుకుంటారు. అది ఒక కోణం. విద్యార్థి వైపు నుంచి చూస్తే ఆ మాటలో ఒక అంచనా ఉంది. మంజూరైన అధ్యాపక స్థానాలు చాలా భాగం ఖాళీగా ఉండి, ఒప్పంద, అతిథి అధ్యాపకులు సెమిస్టరు మధ్యలో మారుతూ ఉంటే, ఈ పేపరులో మొత్తం సిలబస్ తనకు అందదని అతడు ముందే లెక్కగట్టుకున్నాడు. అందేదేదో అడుగుతున్నాడు. ‘సార్ మారిండు’ అన్న మాటలో ఎంత నష్టం ఉందో సంతృప్తి సర్వేలోని శాతాలు చెప్పలేవు. చిన్న కళాశాలలో అధ్యాపకుడు విద్యార్థిని పేరుతో కాక తొలుత ఊరితో గుర్తుపడతాడు. ‘ఏ ఊరు బిడ్డా?’ అన్నదే తొలి ప్రశ్న. ఈ పరిచయమే చిన్న విశ్వవిద్యాలయపు అసలైన బలం. సార్ మారిన ప్రతిసారీ అది మొదటికి వస్తుంది.

‘కొట్టు’:
‘పడు’ లోకం పక్కనే మరొక లోకం ఉంది. జాబ్ కొట్టిండు. ర్యాంకు కొట్టింది. గ్రూప్-2 కొట్టాలె. ఇక్కడ విద్యార్థి కర్త. క్రియ సకర్మకం. ఆశ, కసి, చేతి బలం అన్నీ అందులో ఉన్నాయి. కళాశాల లోపలి జీవితానికి ఈ క్రియ వర్తించే సందర్భం దాదాపు ఒక్కటే: బంక్ కొట్టుడు. పూర్వపు ‘డుమ్మా’కు ఇది వారసుడు. అంటే తరగతికి రావడంలో లేని కర్తృత్వం రాకపోవడంలో ఉందన్నమాట.

నల్లగొండకు, మహబూబ్‌నగర్‌కు హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్లు. డిగ్రీ మూడో ఏటికే చాలామంది మనసు అశోక్‌నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్‌లలో ఉంటుంది. జిల్లా గ్రంథాలయాల పఠనమందిరాలు పోటీ పరీక్షల అభ్యర్థులతో నిండి ఉంటాయి. ‘లైబ్రరీకి పోతున్న’ అంటే కథల పుస్తకమో చరిత్రో చదవడానికి వెళ్తున్నాడని అర్థం కాదు. ప్రిపరేషన్‌కు వెళ్తున్నాడని అర్థం. కుర్చీ ఆ గ్రంథాలయానిది, పుస్తకం మాత్రం అతని సంచిలోదే.

దీనిని కళావిద్యకు పట్టిన చెడుకాలంగా చూడడం తేలిక. కానీ పోటీ పరీక్ష ఈ విద్యార్థికి ఒక విషయంలో కళాశాలకంటే స్పష్టంగా మాట్లాడింది. చరిత్ర, రాజ్యాంగం, ఆర్థికవ్యవస్థ, తెలంగాణ ఉద్యమం, సంస్కృతి అన్నీ గ్రూప్స్ సిలబస్‌లో ఉన్నాయి. హెచ్ఈపీ చదువుకు బయట ఒక విలువ ఉందని చెప్పినది ఆ సిలబస్సే. అయితే దానికి ఒక మూల్యం ఉంది, దాని పేరు ‘బిట్టు’. 1934లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో వెలువడిన గోలకొండ కవుల సంచిక తెలంగాణలో కవులు లేరన్న మాటకు 354 మంది కవులతో ఇచ్చిన సమాధానం. ఒక ప్రాంతపు ఆత్మగౌరవ ప్రకటన అది. ఈనాటి అభ్యర్థికి అందులోని సంవత్సరం ఒక బిట్టు, కవుల సంఖ్య ఒక బిట్టు, 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్రమహాసభకు అధ్యక్షుడెవరన్నది మరో బిట్టు. మూడింటికీ సరైన జవాబు గుర్తించిన గద్వాల విద్యార్థికి ఆ సంచికలో తన చుట్టుపక్కల ఊళ్ళ కవులెవరైనా ఉన్నారా అని చూసే అవసరం రాదు.

‘కొట్టు’ కూడా ఎప్పుడూ చేతిలో ఉండేది కాదు. 2022లో ప్రకటించిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష ఆ ఏడు అక్టోబరు 16న జరిగి, ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడటంతో 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న తిరిగి జరిగినది హైకోర్టు తీర్పుతో రద్దయింది. 2024 ఫిబ్రవరిలో కొత్త ప్రకటన వచ్చి, జూన్ 9న మూడోసారి పరీక్ష జరిగింది. ఒక డిగ్రీ పూర్తికావడానికి పట్టే కాలంలో సగానికి పైగా ఒకే ప్రాథమిక పరీక్ష చుట్టూ తిరిగింది. ఆ రోజుల్లో అభ్యర్థుల వాక్యాలలో క్రియ మళ్ళీ మారింది. ‘కొడతం’ అన్నవారు ‘పోయింది’ అన్నారు.

‘అడిగిన, చూసిన, రాసిన’:
ఈ రెండు క్రియలకు బయట మూడవ సముదాయం ఒకటి ఉంది. దాని వ్యాప్తి తక్కువ. తెలంగాణ కళాశాల విద్యాశాఖ ‘జిజ్ఞాస’ పేరుతో ప్రభుత్వ డిగ్రీ కళాశాలల విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టులకు పోటీలు నిర్వహిస్తున్నది. అయిదారుగురు విద్యార్థులు ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో ఒక చిన్న అంశాన్ని తీసుకొని పరిశీలించి నివేదిక రాస్తారు. ఈ రెండు జిల్లాలలో అంశాలకు కొరత లేదు: మర్రిగూడ, మునుగోడు ప్రాంతపు ఫ్లోరైడ్ నీళ్ళు, పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చేనేత, నల్లమల చెంచుల జీవనం, పాలమూరు వలస. ఇదే వరుసలో జడ్చర్ల బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కళాశాల ప్రాంగణంలో వృక్షశాస్త్ర అధ్యాపకుడు బి.సదాశివయ్య చొరవతో రూపొందిన తెలంగాణ బొటానికల్ గార్డెన్‌ను కూడా చెప్పుకోవాలి. పాఠంలోని మొక్కను విద్యార్థి ప్రాంగణంలోనే చూడగలగడం, దాని స్థానిక నామం తనకు ముందే తెలిసి ఉండడం తేలికైన విషయం కాదు.

ఇటువంటి పని చేసిన విద్యార్థి దానిని గురించి చెప్పేటప్పుడు ‘పడ్డది’, ‘కొట్టిన’ రెండూ రావు. ‘అడిగిన’, ‘చూసిన’, ‘తిరిగిన’, ‘రాసిన’ అంటాడు. అన్నీ ఉత్తమపురుషలోని మామూలు క్రియలు. విద్యాజీవితానికి తానే కర్తగా మాట్లాడే సందర్భం ఇక్కడ దొరుకుతుంది. ఇది పోటీలో బహుమతి వచ్చినవారికే పరిమితం కాదు, పరీక్షలో బ్యాక్‌లాగ్ పడ్డవాడు కూడా తన ఊరి బావుల లెక్క చెప్పేటప్పుడు ఇలాగే మాట్లాడతాడు.

చిక్కు నివేదిక రాసే దగ్గర వస్తుంది. వలస మీద ప్రాజెక్టును తీసుకుంటే సమస్య తెలుస్తుంది. పాలమూరులో కూలికోసం ఊరు విడిచి వెళ్ళడాన్ని ‘బతుకపోవుడు’ అంటారు. ‘వాళ్ళు బొంబాయికి బతుకపోయిండ్రు’ అన్నది ఇంటింటా వినిపించే వాక్యం. అందులో ఉన్నది వెళ్ళడం మాత్రమే కాదు, బతకడానికి వెళ్ళడం. ఇక్కడ బతుకు దొరకలేదన్న అర్థం దానిలోనే ఉంది. పాఠ్యపుస్తకంలోని ‘వలస’కు ఆ అర్థం లేదు. నివేదికలోని ‘మైగ్రేషన్’కు అసలే లేదు. ప్రశ్నావళిని ఇంగ్లీషులో తయారుచేసి, తెలుగులో అడిగి, తెలంగాణ మాటలో జవాబు విని, మళ్ళీ ఇంగ్లీషులో పట్టికగా మార్చేసరికి విద్యార్థి ఒక్కడికే తెలిసిన ఆ అర్థం రాలిపోతుంది. తనకు బాగా తెలిసినదానిని తెలియని భాషలో రాయడానికి అతడు ఇంటర్నెట్ నుంచి పేరాలు తెచ్చుకుంటాడు. అప్పుడు ఆ ప్రాజెక్టుకూ గైడుకూ తేడా లేకుండా పోతుంది, న్యాయనిర్ణేతలు దానిని కాపీ అంటారు.

తెలుగు శాఖలకు ఇక్కడ చేయదగిన పని ఉంది. అర్థశాస్త్రం, చరిత్ర, వృక్షశాస్త్రాల ప్రాజెక్టులలో జవాబుదారుల మాటలను వారు పలికినట్టే రాసుకోవడం, వాటిని నివేదికలో ఆధారంగా ఉంచడం, ‘బతుకపోవుడు’ వంటి పదాలకు పక్కనే వివరణ ఇవ్వడం విద్యార్థికి నేర్పవచ్చు. మాండలిక పదసేకరణ తెలుగు పరిశోధనకు కొత్త కాదు. ఇతర శాస్త్రాల తరగతి గదిలోకి దానిని తీసుకెళ్ళడమే మిగిలి ఉంది. ప్రస్తుతం తల్లిదండ్రులు ఏడాదిలో ఎనిమిది నెలలు ముంబయిలో ఉన్న విద్యార్థి కూడా ప్రవేశ దరఖాస్తులో ‘తండ్రి వృత్తి’ అన్న గడిలో ‘వ్యవసాయం’ అనే రాస్తున్నాడు. అదే విద్యార్థి వలస ప్రాజెక్టులో అయిదు ఊళ్ళు తిరిగి యాభై ఇండ్ల వివరాలు నింపుతాడు. ఆ యాభైలో తన ఇల్లు ఉండదు.